పోచమ్మ సాళ్లు

చిలుకమ్మకు కూర్చోవడం రాదు. వెటకారానికి అంటున్న మాట కాదిది. ఆమె కేసు రెండున్నరేళ్లు నడిచింది. ఇరవై రెండు వాయిదాలకు ఎర్రకుంటపల్లి నుంచి హనుమకొండ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వినియోగదారుల కమిషన్ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది. బెంచీ చూపిస్తే, కూర్చుంటే నడుము పట్టేస్తుందని చెప్పేది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నాట్లకూ కలుపుకూ పత్తి ఏరడానికీ ముప్పై మంది ఆడవాళ్ల జట్టును ఇరవై ఏళ్లు నడిపించింది. జట్టులో ఎవరైనా కూలబడితే తిట్టాలంటే ముందు తాను నిలబడి ఉండాలి కదా. ఆ అలవాటు కాళ్లలో ఉండిపోయింది.

నా పేరు శేఖర్. వకీలు రాజేశ్వర్ రావు గారి దగ్గర ఇరవై ఆరేళ్లుగా గుమస్తాను. గుమస్తా అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. కేసు గెలిస్తే వకీలు గెలిచినట్టు, ఓడితే గుమస్తా కాగితాలు సరిగా పెట్టనట్టు. ఇన్నేళ్లలో ఎన్ని కేసులు కొట్టేశారో నాకు లెక్క లేదు. సాయంత్రం కాశిబుగ్గలో ఇంటికి పోయి అన్నం తిని పడుకునేవాణ్ణి. చిలుకమ్మ కేసు కొట్టేసిన రోజు మాత్రం అన్నం లోపలికి పోలేదు. ఎందుకంటే ఆ రోజు నేను ఆమెకు అబద్ధం చెప్పాను.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది. ఎండ అప్పటికే మాడు పగలగొడుతోంది. లోపల తీర్పు చదవడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. ఫిర్యాదు కొట్టివేయబడినది, ఖర్చులు ఎవరివి వారు భరించవలెను. బయటికి వచ్చేసరికి ఆమె వరండా చివర తిరుగుడు ఆపి నిలబడి ఉంది. నా మొహం చూసే అర్థం చేసుకుంది.

"ఏం తప్పని కొట్టేసిండ్రు సారూ?" అంది.

సాక్ష్యం సరిపోలేదక్కా, కాపీ చేతికొస్తే చదివి చెబుతా అన్నాను. అసలు కారణం నాకు తెలుసు. మూడు నెలల కింద, ఆమె బోనులో నిలబడి ఆ మాట అన్న క్షణంలోనే తెలుసు. కానీ ఆ ఎండలో, ఆ చెప్పులు లేని కాళ్లను చూస్తూ, నీ నోటి మాటతోనే పోయిందని అనడానికి నాకు నాలుక తిరగలేదు. ఆమె తల ఊపి, నర్సంపేట బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది.

సంగతి మొదటి నుంచి చెప్పాలి. అంతకు మూడేళ్ల కింద ఎర్రకుంటపల్లిలో నలభై ఒక్క ఇళ్ల వాళ్లు నర్సంపేటలో ఒకే దుకాణంలో ఒకే కంపెనీ పత్తి విత్తనం కొన్నారు. చెట్లు ఛాతీ ఎత్తు పెరిగాయి. ఆకు దట్టంగా వచ్చింది. పూత వచ్చింది, రాలింది. కాయ మాత్రం లేదు. దసరా నాటికి చేలన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి, మేకలకు తప్ప ఎవరికీ పనికిరాలేదు. దుకాణదారు కంపెనీని చూపించాడు. కంపెనీ వర్షాన్ని చూపించింది. వర్షం ఎవరినీ చూపించలేదు కాబట్టి తప్పు దాని మీదే పడింది.

నలభై ఒక్క మంది నలభై ఒక్క కేసులు వేయలేరు. అందరికీ ఒకే నష్టం, ఒకే హక్కు ఉంటే ఒకరు అందరి తరఫునా ఫిర్యాదు చేయొచ్చని చట్టంలో ఒక దారి ఉంది. రాజేశ్వర్ రావు గారు ఆ దారి పట్టారు. అయితే ఆ ఒక్కరు ఎవరన్నది తేల్చడానికి ఊరికి నాలుగు రోజులు పట్టింది. ఈ పార్టీవాడి పేరు పెడితే ఆ పార్టీకి పడదు, ఆ కులం పేరు పెడితే ఈ కులానికి పడదు. చివరికి అందరూ చిలుకమ్మ దగ్గర ఆగారు. ఎందుకామె అని అడిగితే, ఆమె చేతికి ఎంత పోస్తే అంతే తిరిగొస్తుందని చెప్పారు. పల్లెటూళ్లలో ఏదో అంటుంటారులే అనుకుని నేను ఫారం నింపుకున్నాను. మగ్గాల మధ్య పుట్టినవాణ్ణి, గింజల సంగతి నాకేం తెలుసు? అప్పుడే మరో ప్రశ్న అడిగి ఉండాల్సింది.

కమిషన్‌లో మామూలుగా ప్రశ్నలు, జవాబులు కాగితాల మీదే నడుస్తాయి. కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్ర వకీలు మాత్రం ఆమెను నోటితోనే అడగాలని పట్టుబట్టి అనుమతి తెచ్చుకున్నాడు. ముందురోజు ఆమెను కూర్చోబెట్టి, అంటే నిలబెట్టి, నేనే తయారు చేశాను. అడిగినదానికి దాచకుండా నిజం చెప్పు, నీకేం కాదని చెప్పాను. ప్రతి సాక్షికీ నేను చెప్పే మాట అది. వాళ్లలో సగం మంది నా మాట వినరు, అదృష్టవంతులు.

కుర్రవాడు మర్యాదస్తుడు. అమ్మా అనే పిలిచాడు. ఎరువుల గురించి, తడుల గురించి ఓ పావుగంట అడిగాడు. అన్నింటికీ ఆమె తడుముకోకుండా చెప్పింది. తర్వాత ఏదో ఊసుపోక అడిగినట్టు, మీ ఊళ్లో విత్తనం పెట్టే ముందు పూజలాంటిది చేస్తారా అన్నాడు. చిలుకమ్మ మొహం విప్పారింది. రెండేళ్లుగా అందరూ ఆమెను నష్టం గురించే అడుగుతున్నారు. ఇది అడిగినవాడు ఇతనొక్కడే.

"చేస్తం సారూ. పోచమ్మ కాడ గంప పెడ్తం. ఇంటికో ప్యాకిటు చింపి గంపల పోస్తరు. నేను కలుపుత. కలిపి, సోలతోని ఎవరి వంతు వాళ్లకు కొలిచిస్త. ఆ గింజలు గట్టు పొంటి ముందు సాళ్లల్ల పెట్టినంకనే తక్కిన చేను పెట్టుడు. పోచమ్మ సాళ్లు అంటం."

ఎందుకు కలుపుతారని అడిగాడు.

"ఒక్కలది పండి ఒక్కలది ఎండకుండ. పండితె అందరిది పండాలె."

రాజేశ్వర్ రావు గారు పెన్ను కింద పెట్టేశారు. కుర్రవాడు ఇంకా మెత్తగా అడిగాడు, గంపలో అందరూ మా కంపెనీ విత్తనమే పోశారా అని. చిలుకమ్మ మొదటిసారి ఆగింది. కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత అంది:

"గంపల పడ్డంక అది ఎవరి గింజ అని అడుగం సారూ."

ఇంకేం అడిగేది లేదని కుర్రవాడు కూర్చున్నాడు. ఆమె బోను దిగి నా దగ్గరికి వచ్చి, మంచిగ చెప్పిన్నా అని అడిగింది. మంచిగా చెప్పావన్నాను. మొదటి అబద్ధం అదేనేమో, ఇప్పుడు ఆలోచిస్తే.

తీర్పు కాపీ మే రెండో వారంలో చేతికొచ్చింది. పద్నాలుగు పేజీల ఇంగ్లీషు. మూడుసార్లు చదివాను. అందరి విత్తనాలూ కలిపామని ఫిర్యాదుదారే ఒప్పుకుంది, ఎవరి గింజ ఎవరిదో చెప్పలేనంది, కాబట్టి నలభై ఒక్క మందీ ఒకే విత్తనం వేశారని, అందరిదీ ఒకే నష్టమని రుజువు కాలేదు, అందరి తరఫున ఒకరు వేసిన ఫిర్యాదు నిలవదు. చట్టప్రకారం చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నా మంట. తప్పుడు తీర్పయితే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

చిలుకమ్మ ఆ కాగితం కోసం నాలుగుసార్లు వచ్చింది. మూడుసార్లు తప్పించుకున్నాను. ఒకసారి సార్ లేరన్నాను, ఒకసారి జిరాక్స్ కోసం పోయిందన్నాను, ఒకసారి నేనే వెనక గదిలో దాక్కున్నాను. యాభై రెండేళ్లు నాకు. నాలుగోసారి ఆఫీసు మెట్ల మీదే పట్టుకుంది. చదివి తెలుగులో చెప్పాను. మెట్లు ఎక్కుతూ దిగుతూ వింటున్న మనిషి సగంలో ఆగి గోడ పట్టుకుంది.

"అంటె నా నోటితోనే పోయిందన్నట్టు" అంది. మళ్లీ తనే, "సాక్ష్యం చాలలేదని నువ్వు చెప్తివి. నేను పోయి ఊరంత అదే చెప్పిన. నలభై ఇండ్లు తిరిగి చెప్పిన. ఇప్పుడు అది అబద్ధమాయె."

తిట్టినా బాగుండేది. నా అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుని నలభై గుమ్మాలు ఎక్కి దిగిందని నాకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. లోపలికి రమ్మని, సార్ ఏదో దారి చెబుతారని అన్నాను.

సార్ దారి చెప్పారు. తీర్పు వచ్చిన నలభై ఐదు రోజుల్లోగా, అంటే జూన్ పన్నెండులోగా, రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు. దాంతోపాటు చిలుకమ్మ ఒక అఫిడవిట్ ఇవ్వాలి. నేను చదువురాని దాన్ని, బోనులో భయపడి తప్పుగా చెప్పాను, మా ఊళ్లో శాస్త్రానికి ఐదు గింజలు దేవత ముందు పెడతామే తప్ప విత్తనాలు కలపం అని. రాజేశ్వర్ రావు గారు చెడ్డవారు కాదు. ఈ కేసులో పైసా ముందు తీసుకోలేదు. నలభై ఒక్క ఇళ్లకు నష్టపరిహారం దక్కాలంటే ఇంతకంటే మార్గం లేదని నిజంగానే నమ్మారు. నేనూ నమ్మాను. ఆ అఫిడవిట్ టైపు చేసింది నేనే.

చిలుకమ్మ అంతా విని, ఊళ్లో అడిగి చెబుతానంది. ఆమెను సంతకానికి కూర్చోబెట్టడం నా వల్ల కాదని తెలుసు కాబట్టి నాలుగు రోజులాగి కాగితం పట్టుకుని నేనే ఎర్రకుంటపల్లి పోయాను.

అప్పటికే ఆమె మళ్లీ నలభై గుమ్మాలూ తిరిగింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది, నా వల్లనే పోయిందని. ఆమె భర్త పోశయ్య నాకు మంచినీళ్లిచ్చి, నాలుగు రోజులుగా ఇంట్లో నిద్ర లేదని, అన్నం గిన్నె చేత్తో పట్టుకునే వాకిట్లో తిరుగుతోందని చెప్పాడు. తిట్టినవాళ్లు ఉన్నారా అని అడిగితే, తిట్టకుండా మొహం తిప్పుకున్నవాళ్లే ఎక్కువన్నాడు. ఆమెకు అదే తట్టుకోలేని సంగతట.

వాకిట్లోకి పదిమంది చేరారు. ముందు మాట్లాడింది మహిపాల్. ముప్పై అయిదేళ్లుంటాయి, మూడెకరాల రైతు, కేసు జాబితాలో ఇరవై మూడో పేరు. ప్రతి వాయిదాకూ బండి మీద వచ్చి నన్ను అందరికంటే ఎక్కువ సతాయించింది అతనే.

"పెద్దమ్మా, సంతకం పెట్టు. నీ గంప మా కొంపలు ముంచింది. గా ఒక్క మాట ఎనుకకు తీస్కుంటె ఏం పోతది?"

మిగతావాళ్లు కాదనలేదు. చిలుకమ్మ అందరినీ ఒకసారి చూసింది. మహిపాల్ దగ్గర మాత్రం చూపు ఎక్కువసేపు ఆగింది. అది నేను గమనించాను కానీ, కోపమనుకున్నాను.

"నేను ఉత్త మాట చెప్పిన్నని కాగితం మీద సంతకం పెడ్త" అంది నెమ్మదిగా. "పెట్టినంక, వానలు పడంగనే గంప ముందట నిలబడి సోలతోని కొలుస్త. నా కొలత ఎవరు నమ్మాలె? మా అత్త చేతి నుంచి వచ్చిన గంప అది. దాంట్ల గింజల కంటె ముందుగాల మాట ఉండాలె."

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తర్వాత పోశయ్య నాకు గంప కథ చెప్పాడు. ఆమె పదిహేనో ఏట కాపురానికి వచ్చేటప్పటికి ఊరంతా వరి, జొన్న. ఇంటికో సోలెడు పోసేవారు. తర్వాత పత్తి వచ్చింది, రంగు పూసిన గింజ, ప్యాకెట్ విత్తనం. కొందరు మానేద్దామన్నారు. చిలుకమ్మే పట్టుబట్టి, గింజ మారితే ఊరు మారుతుందా అని గంపను నిలబెట్టింది. కొలిచేటప్పుడు సోల మీద అరచెయ్యి గీసి సమం చేస్తుందట. కన్న కొడుకు వంతయినా ఒక్క గింజ ఎక్కువ పడదట. చివర మిగిలినవి తన కొంగులో వేసుకోదు, పిట్టలకు చల్లేస్తుంది. ఆమె చేతికి ఎంత పోస్తే అంతే తిరిగొస్తుందన్న మాటకు అర్థం ఇదా అని అప్పటికి నా బుర్రకెక్కింది. రెండున్నరేళ్లు ఆలస్యంగా.

సంతకం లేని కాగితంతో వెనక్కి వచ్చాను. ఇక నాకూ ఆమె జబ్బే పట్టుకుంది. కుర్చీలో నిలవలేకపోయాను. వేరే కేసుల ఫైళ్లు తెరిచినా మనసు ఎర్రకుంటపల్లి వాకిట్లోనే ఉంది. నువ్వు నిజం చెప్పు, నీకేం కాదని చెప్పినవాణ్ణి నేనే, ఇప్పుడు అబద్ధం చెప్పమని కాగితం మోసేవాణ్ణీ నేనే. జూన్ మూడో తారీఖు మధ్యాహ్నం, ఏం వెతుకుతున్నానో తెలియకుండానే ఆ కేసు కట్ట విప్పి మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాను.

వ్యవసాయ శాఖ వాళ్లు చేలు చూసి రాసిచ్చిన నివేదిక అప్పటికి పదిసార్లు చూసి ఉంటాను. కాయ లేదన్న పేజీ ఒక్కటే మాకు కావాల్సింది, మిగతావి ఎవరు చదువుతారు? ఆరో పేజీలో రెండు లైన్లున్నాయి. పరిశీలించిన చేలన్నింటిలోనూ గట్టును ఆనుకుని ఉన్న మొదటి సాళ్లలో మాత్రం అక్కడక్కడ ఒక్కో మొక్కకు నిండుగా కాయలున్నాయి, కారణం తెలియదు. కంపెనీ వాళ్లు ఆ రెండు లైన్లను పట్టుకునే, కాసిన చెట్లు కూడా ఉన్నాయి కాబట్టి మా విత్తనం మంచిదే, రైతుల పోషణే బాగాలేదని వాదించారు. మేం దానికి జవాబు చెప్పలేక వదిలేశాం.

గట్టు పక్క మొదటి సాళ్లు. అవి పోచమ్మ సాళ్లే. వెంటనే చిలుకమ్మకు ఫోన్ చేశాను.

పోచమ్మ సాళ్లలో ఆ ఏడాది ఎన్ని చెట్లు కాశాయక్కా అని అడిగాను. ఇంటికో ఎనభయ్యో వందో, నలభై చెట్లకు ఒక్కటి చొప్పున కాసిందని చెప్పింది. అందరి చేలలోనూ అంతేనా అంటే అంతేనంది. చేను లోపల కాసిందా అంటే ఒక్కటీ లేదంది. ఈ ముక్క నాకు ముందెందుకు చెప్పలేదని అరిచాను. నువ్వు అడిగితేగా అంది. అదీ నిజమే.

నలభై ఒక్క ప్యాకెట్లు కలిస్తే నలభై చెట్లకు ఒకటి కాసింది. అంటే ఒక్క ప్యాకెట్ వేరే విత్తనం. అదే నేల, అదే వాన, అదే చేతులు. ఆ ఒక్క ప్యాకెట్ గింజ ఊరంతటి చేలలో పడి, పడిన ప్రతి చోటా కాసింది. దాని పక్కనే పడిన కంపెనీ గింజ ఎక్కడా కాయలేదు. తప్పు నేలదీ కాదు, వానదీ కాదు, రైతుదీ కాదు. మమ్మల్ని ముంచిందనుకున్న గంపే మాకు రుజువు.

"ఆ ఒక్క ప్యాకిటు ఎవలదక్కా?" అన్నాను.

"అడుగొద్దని చెప్పిన గద సారూ" అని ఫోన్ పెట్టేసింది.

అడగనక్కర లేకపోయింది. ఎకరానికి రెండు ప్యాకెట్లు పడతాయి. నలభై ఒక్క బిల్లులనూ ఎకరాలతో సరిచూసుకుంటూ పోతే ఇరవై మూడో పేరు దగ్గర చెయ్యి ఆగింది. మహిపాల్. మూడెకరాలు నష్టమని రాయించాడు, బిల్లులో నాలుగే ప్యాకెట్లు. మిగతా ఎకరానికి ఏం వేశాడు? చిలుకమ్మ చూపు అతని దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది. ఆమె చేత్తో కలిపిన గంప, ప్యాకెట్ రంగు చూడకుండా ఉంటుందా? బోనులో నిలబెట్టి అడిగితే కేసు పోగొట్టుకుంది కానీ అతని పేరు చెప్పలేదు. అతనేమో పదిమందిలో నీ గంప మా కొంపలు ముంచిందన్నాడు.

నా కోపానికి పట్టపగ్గాల్లేవు. అప్పటికప్పుడు ఎర్రకుంటపల్లి పోయి వాణ్ణి నిలదీస్తానన్నాను. రాజేశ్వర్ రావు గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నిలదీస్తే కాదంటాడు, కాదంటే మన దగ్గర ఉన్నది ఒట్టి కథ అన్నారు. అతనంతట అతను చెప్పాలి, ఆ రెండో బిల్లు తెచ్చి చూపాలి. అప్పుడు కూడా పైవాళ్లు కొత్త సాక్ష్యం తీసుకుంటారో లేదో వాళ్ల ఇష్టం. చిలుకమ్మకు మళ్లీ ఫోన్ చేసి నాకు తెలిసిపోయిందన్నాను. తెలిసినా అనొద్దు అంది. గంప దగ్గర పుట్టిన మాట గంప దగ్గరే తెగాలంది. ఆరు రోజులు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మా ఆవిడ ప్రేమలత, నీ కాళ్ల కింద గచ్చు అరిగిపోతోందంది.

జూన్ ఎనిమిది సాయంత్రం గట్టి వాన పడింది. తెల్లవారి గంప పెడుతున్నామని పోశయ్య ఫోన్ చేశాడు. గడువుకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. మొదటి బస్సు పట్టుకున్నాను. సంచిలో రెండు రకాల కాగితాలున్నాయి. ఒకటి నేను టైపు చేసిన అఫిడవిట్, మిగతావి తెల్లకాగితాలు. దేని మీద సంతకం తీసుకుని వస్తానో నాకే తెలియదు.

పోచమ్మ గుడి అంటే నాలుగడుగుల గది, ముందు చిన్న గద్దె. గద్దె కింద అలికిన నేల మీద గంప, దాని అడుగున తెల్ల గుడ్డ, పక్కన ఇత్తడి సోల. చిలుకమ్మ పసుపు రంగు చీర కట్టుకుని గంప చుట్టూ తిరుగుతోంది. అప్పటికి పద్నాలుగు ఇళ్లవాళ్లు వచ్చి పోశారట. ఎనిమిదయింది. మిగతావాళ్లు ప్యాకెట్లు సంచుల్లో పెట్టుకుని తలలు అటు తిప్పుకుని నేరుగా చేలకు పోతున్నారు. పోయిన ప్రతి మనిషినీ ఆమె కళ్లతో సాగనంపుతోంది. ఎవరినీ పిలవలేదు. పిలిచి పోయించుకునే గంప కాదది. నన్ను చూసి, సంతకం పెట్టనని ముందే చెప్పేసింది, ఊరు మొత్తం ఇట్లాగే ముందు నుంచి పోయినా సరేనంది. ఆమె అంత భయపడగా నేనెప్పుడూ చూడలేదు.

మహిపాల్ బండి మీద వచ్చాడు. వెనక విత్తనాల సంచి కట్టి ఉంది. మమ్మల్ని చూసి కూడా ఆగకుండా పోయాడు. నేను పళ్లు నూరుకున్నాను. చిలుకమ్మ నా చెయ్యి మీద ఒకటి వేసింది, నోరు మూసుకోమని.

పావుగంటకు అతనే నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. చేతిలో ఒక ప్యాకెట్. గంప ముందు నిలబడి పంటితో చింపి, రంగు గింజలు గంపలో పోశాడు. ఖాళీ కవరు మడిచి జేబులో పెట్టుకోబోయి, ఆగి, అందరికీ కనిపించేటట్టు గద్దె మీద పెట్టాడు. అక్కడ మేం ఏడెనిమిది మందిమి ఉన్నాం. నా వైపు తిరిగాడు.

"సార్, ఆ నలభై ఒక్క పేర్లల్ల నాది ఇరవై మూడోది. కొట్టెయ్యి."

ఎందుకన్నాను, తెలిసి కూడా.

"ఆ యేడు గంపల నేను పోసిన ప్యాకిటు వేరే కంపెనీది. దుకాణంల స్టాకు ఒడిసిపోయింది. వాగవతల ఎకరం అదే పెట్టిన, కాసింది. కాయలేదని రాయించిన. ఇంకో బిల్లు ఇంట్లనే ఉన్నది, తెచ్చిస్త." చిలుకమ్మ వైపు ఒకసారి చూశాడు. "బోన్ల నిలబెట్టి అడిగినా పెద్దమ్మ నా పేరు చెప్పలె. నేను ఆమెను వాకిట్ల నిలబెట్టి తిడితి. నా పేరు అక్కడ కొట్టేసి సాక్షి కాడ రాయి సార్."

మిగతా రెండెకరాల నష్టం నిజమే కదా, పేరు మొత్తం కొట్టేయక్కర లేదని చెప్పాను. అతను వినిపించుకోలేదు. చిలుకమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి, కానీ అతన్ని మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. గంపలో రెండు చేతులూ పెట్టి అడుగు నుంచి పైకి కలిపింది. సోల నింపి, అరచెయ్యి గీసి సమం చేసి, అతని రుమాలులో పోసింది.

"పో, పదను ఆరిపోతది" అంది. తర్వాత నా వైపు చూసి, "రాయి సారూ. ఇంగ్లీషుల గాదు, తెలుగుల రాయి. రాసి ఇక్కడ్నే చదువు. సంతకం పెడ్త."

అటు చేలకు పోయినవాళ్లలో ఇద్దరు ముగ్గురు గట్టు మీద ఆగి ఇటు చూస్తున్నారు. నేను గద్దె మీద కూర్చున్నాను. సంచిలోంచి టైపు చేసిన కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాను. ఒక తెల్లకాగితం తీసుకుని, ఏ మాటతో కేసు పోయిందో ఆ మాటతోనే మొదలుపెట్టాను. మా ఊళ్లో విత్తనాలు కలుపుతాం.